నడక – 9: సగం పంట కొండల్లో ఆరు రోజులు



పోయిన వారం నేను పెట్టిన ఒక్క ఫొటో కింద రెండు వందలకు పైగా కామెంట్లు వచ్చాయి. ఎట్రాసిటీ కేసుల మీద రాసిన ఏ పోస్టుకూ ఇన్ని రాలేదు, అది వేరే బాధ. ఫొటోలో ఏముందంటే తెల్లటి కంకర దారి, పక్కన సన్నగా పొడుగ్గా సైప్రస్ చెట్లు, వెనక కొండ నెత్తిన రాతి ఊరు, ముందు నేను. తలకు టోపీ, చేతిలో కర్ర, కాళ్ళకు బూట్లు. "అక్కా, ఉద్యమం ఇటలీకి షిఫ్ట్ అయిందా?" అని ఒక తమ్ముడు. "అంబేడ్కరిస్టులు కూడా బూర్జువా హాలిడేలు మొదలుపెట్టారన్నమాట" అని ఒక పెద్దమనిషి. ఇంకోవైపు చదువుకుంటున్న పిల్లలు: "ఎంత బాగుందక్కా, అక్కడ కులం ఉండదు కదా, స్వర్గం." ముగ్గురికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను. పొడుగవుతుంది. టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే అడగకపోయినా మీ మనసులో ఉన్నది అదే. మనిషికి 1,200 యూరోలు. మన లెక్కలో లక్షకు పైనే. కట్టింది మా అక్క కూతురు. సియెనాలో ఎమ్మెస్సీ చదివి ఇప్పుడు బొలోన్యాలో ఉద్యోగం చేస్తోంది. "పిన్నీ, నీకు యాభై ఏళ్ళొచ్చాయి. మీటింగ్ లేని ఊరికి ఒక్కసారైనా పోయావా?" అంది. ఆలోచిస్తే నిజంగానే లేదు. నిజనిర్ధారణ కమిటీకో, శవపంచాయితీకో, ధర్నాకో తప్ప నేను ఊరు కదిలింది లేదు. ఊరికే చూడ్డానికి ఒక చోటికి పోవడం అనేది మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ చేయలేదు. తిరుపతి, వేళాంకణ్ణి లెక్కలోకి రావు, అవి మొక్కులు.

హాలిడే బూర్జువా అలవాటు అన్న పెద్దమనిషికి ఒక మాట. బాబాసాహెబ్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివే ఉంటారు. అందులో 1934 నాటి సంగతి ఒకటుంది. ఉద్యమంలో తనతో పనిచేసేవాళ్ళు కొందరు, సుమారు 30 మంది, సరదాగా నాలుగు చోట్లు చూసొద్దామన్నారు. వేరూళ్ బౌద్ధ గుహలు చూడాలని బయల్దేరారు. దారిలో దౌలతాబాద్ కోట. ప్రయాణంలో దుమ్ము కొట్టుకుపోయి, కోట గుమ్మం ముందున్న నీళ్ళ తొట్టి దగ్గర కాళ్ళూ మొహాలూ కడుక్కున్నారు. అంతే, తొట్టి మైలపడిందని జనం మీదపడ్డారు. ఆఖరికి కోట లోపలికి పోనిచ్చారు గానీ, నీళ్ళు ముట్టుకోకుండా చూడ్డానికి ఒక సాయుధ సిపాయిని వెంట పంపారు. మన జాతి చేసిన మొదటి గైడెడ్ టూర్లలో అదొకటి. గైడ్ చేతిలో తుపాకీ ఉంది. ఆ 30 మంది సెలవు తీసుకోవడం బూర్జువా పని అని ఎవరైనా అంటే నేను వినాలనుకుంటున్నాను.

అదే మనిషి వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు, కార్ఖానా కార్మికులకు జీతంతో కూడిన సెలవులిచ్చే సవరణ చట్టం 1945లో వచ్చింది. అదే ఏడాది అచ్చయిన పుస్తకంలో గాంధీయిజాన్ని తూర్పారబడుతూ ఆయన పట్టుకున్న వాదం కూడా ఇదే: మనిషికి తీరిక లేకపోతే సంస్కృతి లేదు, యంత్రం వచ్చేది ఆ తీరిక ఇవ్వడానికి, రాట్నం ముందు కూర్చోబెట్టి దాన్ని లాక్కోవద్దు అని. ఇటలీ వాళ్ళు ఇంకో అడుగు వేశారు. 1948లో అమల్లోకొచ్చిన వాళ్ళ రాజ్యాంగం 36వ అధికరణంలో వారానికో రోజు విశ్రాంతి, ఏడాదికోసారి జీతంతో సెలవు కార్మికుడి హక్కు అని రాసి, ఆ హక్కును తనంతట తాను కూడా వదులుకోవడానికి వీల్లేదని చేర్చారు. నాకు సెలవు వద్దు సార్ అనిపించుకునే యజమాని తెలివి వాళ్ళకు ముందే తెలుసు. కాబట్టి సెలవుకు పోయినందుకు నేను ఎవరికీ సంజాయిషీ ఇవ్వను. ఎక్కడ నడిచాను, ఎవరి చెమట మీద నడిచాను అని అడగండి, చెప్తాను.

నడిచింది తొస్కానాలో, సియెనాకు దక్షిణంగా, వాల్ దోర్చా అనే లోయలో. సాన్ క్వీరికో నుంచి బాన్యో వీన్యోని, పియెన్‌త్సా, మోంతికియెల్లో మీదుగా మోంతెపుల్చానో దాకా. మే నెల. గోధుమ ఇంకా పచ్చగా ఉంది, మధ్యలో ఎర్రటి గసగసాల పూలు. పదకొండు మందిమి. ఇంగ్లండ్, హాలండ్ నుంచి రిటైరైన దంపతులు, జర్మన్ టీచరమ్మలిద్దరు, మేమిద్దరం. రోజుకు 12 నుంచి 16 కిలోమీటర్లు. దారి పొడుగునా చెట్ల మీదా రాళ్ళ మీదా ఎరుపు తెలుపు రంగు గుర్తులు. పొద్దున్నే పెట్టెలు గది గుమ్మం ముందు పెడితే వ్యాన్ వచ్చి తీసుకుపోయి సాయంత్రానికి తర్వాతి ఊళ్ళో దించుతుంది. మా పెట్టెలెత్తినతను రొమేనియా నుంచి వచ్చినవాడు. నడక హాయిగా ఉందంటే అతని నడుము వల్లే. మొదటిరోజే వెళ్ళి పేరడిగాను. గుంపులో మిగతావాళ్ళకు నాలుగో రోజు దాకా తెలియదు.

రెండో రోజు నాకు తట్టిన విషయం చెప్తాను. మధ్యాహ్నం దాకా మేము పది ద్రాక్షతోటలు, నాలుగు ఆలివ్ తోటలు, ఎన్నో గోధుమ చేలు దాటాం. అన్నీ ఎవరో ఒకరివి. మధ్య నుంచి బాట. ఎవరూ అడ్డం రాలేదు. ఒకాయన ట్రాక్టర్ ఆపి చెయ్యి ఊపాడు. మా ఊళ్ళో పల్లె నుంచి ఒక ఆడమనిషి, పనికి కాకుండా, గడ్డికి కాకుండా, పుల్లలకు కాకుండా, ఊరికే చేల మధ్య నడిచిందంటే మొదటి గట్టు దాటకముందే కేక వస్తుంది, "ఎవరమ్మే అది, ఎటు పోతన్నావ్?" పట్నం బట్టలు కట్టుకుని పోతే కేకలో మర్యాద కలుస్తుంది గానీ ప్రశ్న అదే: "మీరేమిట్లు?" ఆరు రోజుల్లో ఇటలీలో నన్ను ఎవరూ ఏమిట్లని అడగలేదు. ఏ దేశం అన్నారు. ఇండియా అంటే, ఓహో అన్నారు. అక్కడితో అయిపోయింది. ఇది చిన్న విషయం కాదు. భుజాల దగ్గర ఏదో బిగువు ఉంటుంది మనకు, పుట్టినప్పటి నుంచీ ఉంటుంది కాబట్టి ఉందని తెలియదు. అది వదిలింది.

బాన్యో వీన్యోని అని ఒక చిన్న ఊరు. ఊరి నడిబొడ్డున, మన ఊళ్ళలో రచ్చబండ ఉండే చోట, పెద్ద దీర్ఘచతురస్రపు కోనేరు. భూమిలోంచి వేడి నీళ్ళు ఊరతాయి. కోనేట్లో దిగనివ్వరు, ఎవర్నీ దిగనివ్వరు. ఆ నీళ్ళు కాలువ కట్టి కొండవాలు కిందికి, పాత మిల్లుల వైపు పోతాయి. అక్కడ ఎవరైనా కాళ్ళు పెట్టుకోవచ్చు. జర్మన్ టీచరమ్మలు, ఎవరో ఇటాలియన్ పిల్లలు, నేను, ఒకే కాలువలో వరసగా కాళ్ళు ఆడిస్తూ కూర్చున్నాం. నేను ప్రకాశం జిల్లా మాదిగ బిడ్డని. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురిని చంపిన గొడవ మొదలైంది మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర. మహద్‌లో 1927లో బాబాసాహెబ్ వేల మందితో నడిచి వెళ్ళింది చెరువుకే. దౌలతాబాద్ తొట్టి సంగతి పైన చెప్పాను. నీళ్ళలో కాళ్ళు పెట్టడం నాకు ఊరికే కాళ్ళు పెట్టడం ఎట్లా అవుతుంది? పక్కనున్న టీచరమ్మ "బాగుంది కదా" అంది. బాగుందన్నాను. అప్పటికి అంతకంటే చెప్పలేదు. రాత్రి భోజనం దగ్గర చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

ఇక అసలు సంగతికొస్తాను. వాల్ దోర్చాను 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. పోస్టుకార్డుల్లో, క్యాలెండర్లలో, కంప్యూటర్ తెరల మీద మీరు చూసే తొస్కానా ఇదే. కొండ మీద ఒంటరి రాతి ఇల్లు, చుట్టూ సైప్రస్‌లు, కింద దువ్వినట్టు పొలాలు. చాలామంది ఇది ప్రకృతి అందం అనుకుంటారు. ఒంటరి ఇల్లు ఒంటరిగా ఎందుకుందో ఎవరూ అడగరు. అది సగం పాలు చేసేవాడి ఇల్లు.

మెద్జాద్రియా అంటారు దాన్ని. మెద్జో అంటే సగం. మన కోస్తాలో కోరుకు చేయడం లాంటిది, కానీ భూమితో పాటు ఇల్లు, ఇంటితో పాటు మొత్తం కుటుంబం కట్టుబడి ఉండేది. దొర పేరు పద్రోనే. ఆయన పట్నంలో ఉంటాడు. ఆయన తరఫున కొండల్లో తిరిగే గుమాస్తా ఫత్తోరే. ఒక్కో కుటుంబానికి పొదేరే అనే ఒక కమతం, దాని నడుమ ఇల్లు. కింద ఎద్దుల కొట్టం, పైన మనుషులు. ఎద్దుల ఒంటి వేడే చలికాలంలో పైవాళ్ళకు కంబళి. పంటలో సగం దొరకు. ఇది కాక పండగలకు కోళ్ళు, గుడ్లు మోసుకుపోయి ఇవ్వాలి. ఆడవాళ్ళు దొర ఇంటి బట్టలుతకాలి. చాలా చోట్ల ఇంట్లో పెళ్ళి కావాలంటే దొర ఒప్పుకోవాలి, ఎందుకంటే ఇంట్లో నోళ్ళెన్ని, చేతులెన్ని అన్నది ఆయన లెక్క. ఆ లెక్కంతా ఫత్తోరే రాసే పుస్తకంలో ఉంటుంది. అప్పు ఎప్పుడూ అందులో కాపుదే. నచ్చకపోతే నోటీసిచ్చి మొత్తం కుటుంబాన్ని లేపేయొచ్చు. తెలంగాణ పెద్దలు చెప్పిన వెట్టి కథలు విన్నవాళ్ళకు ఇందులో ఒక్క ముక్కా కొత్తగా ఉండదు. పేర్లు మాత్రం ఇటాలియన్‌లో ఉన్నాయి.

వందల ఏళ్ళు నడిచిందిది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కాపులు ఎర్రజెండా పట్టి లేచారు. ఆఖరికి వాళ్ళ వాటా 53 శాతం అయింది. అంత పోరాటానికి మూడు శాతం! సియెనా చుట్టుపక్కల పల్లెలు దశాబ్దాల పాటు కమ్యూనిస్టులకు ఓటేశాయంటే వింతేముంది. 1964లో చట్టం వచ్చి కొత్త సగంపాలు ఒప్పందాలను నిషేధించింది. మిగిలినవి కౌలుగా మారడానికి 1982 దాకా పట్టింది. అప్పటికి మనుషులే లేరు. పిల్లలంతా ఫ్లోరెన్స్, టొరీనో ఫ్యాక్టరీలకు నడిచిపోయారు. ఖాళీ అయిన రాతి ఇళ్ళను రోమ్ వాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, జర్మన్లు కొనుక్కున్నారు. మేము మూడో రాత్రి పడుకున్న గది కింద ఒకప్పుడు ఎద్దుల కొట్టం. ఇప్పుడది డైనింగ్ హాలు. గోడకు ఇనప ఉంగరాలు అట్లాగే ఉంచారు, అందానికి.

మా గైడ్ అరవై దాటిన మనిషి. తాత సగంపాలు కాపు. అట్లాంటి ఇంట్లోనే ఆయన తండ్రి పుట్టాడట. అది ఇప్పుడు ఈతకొలనున్న హోటల్. "మా నాయనమ్మను ఒకసారి అక్కడ భోజనానికి తీసుకెళ్దామనుకున్నాం. గేటు దగ్గరే కారు దిగనంది. ఈ ఇల్లు అందంగా ఉందని నాతో అనొద్దు అంది" అని చెప్పాడు. గుంపులో ఒకరిద్దరు ఇబ్బందిగా నవ్వారు. నేను ఆయన పక్కన నడవడం మొదలుపెట్టింది అక్కణ్ణించే.

పోస్టుకార్డుల్లో ఎక్కువగా కనబడేది ఒక దారి. కొండవాలు మీద పాములా మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది, అంచున సైప్రస్‌లు. అది లా ఫోచే అనే ఎస్టేటుది. 1924లో ఆంతోనియో ఒరీగో, ఆయన భార్య ఐరిస్ ఒరీగో ఆ ఎస్టేటు కొన్నారు. యాభైకి పైగా కమతాలు. బంజరు మట్టిని బాగుచేశారు, రోడ్లు వేశారు, కాపుల పిల్లలకు బడి, వైద్యశాల పెట్టారు. ఐరిస్ మంచి రచయిత్రి. యుద్ధకాలపు ఆమె డైరీ 1947లో అచ్చయింది. పారిపోయిన ఖైదీలకు, పార్టిజన్లకు అన్నం పెట్టిన మనిషి. 1944 జూన్‌లో పసిపిల్లలతో సహా పెద్ద గుంపును వెంటేసుకుని, ఫిరంగుల మధ్య మోంతెపుల్చానో దాకా కాలినడకన చేర్చింది. మేము రొట్టె, జున్ను సంచిలో పెట్టుకుని నడిచిన కొండలివే.

ఆమె ధైర్యానికి నేను దణ్ణం పెడతాను. అయితే యుద్ధం అయిపోగానే ఆ ఎస్టేటు కాపులూ ఎర్రజెండా పట్టారు. వాళ్ళకు కృతజ్ఞత లేదని రాసినవాళ్ళున్నారు. మన దగ్గరా ఇదే పాట కదా. "మా దొర మంచోడు, బియ్యం ఇచ్చాడు, బిడ్డ పెళ్ళికి చీర పెట్టాడు." దొర మంచోడా చెడ్డోడా అన్నది కాపు అడిగిన ప్రశ్న కాదు. సగం ఎందుకివ్వాలి అన్నది వాడి ప్రశ్న. బడి కట్టినందుకు ఆ ప్రశ్న మానేయాలా? రిజర్వేషన్ ఇచ్చాం కదా ఇంకా ఏంటి అని మీ క్లాసులో అడిగేవాడి గొంతు కూడా ఈ జాతిదే, గుర్తుపట్టండి.

నాలుగో రోజు మోంతికియెల్లో చేరాం. ఈ ఊరి కోసం మొత్తం ప్రయాణం చేయొచ్చు. గోడ చుట్టిన బుల్లి కొండఊరు. 1944 ఏప్రిల్ 6న ఇక్కడ పార్టిజన్లు ఫాసిస్టు బలగాలతో పోరాడారు. సగంపాలు వ్యవస్థ కూలి ఊరు ఖాళీ అయిపోతున్న రోజుల్లో, 1967లో, ఊరివాళ్ళు ఒక నాటకం మొదలుపెట్టారు. తెయాత్రో పోవెరో, అంటే పేద నాటకశాల అని పేరు. అప్పటి నుంచి ప్రతి ఎండాకాలం ఊరి మధ్య ఆడుతున్నారు. రాసేది ఊరే, ఆడేది ఊరే. చలికాలమంతా కూర్చుని ఈ ఏడాది మనల్ని బాధపెడుతున్నదేమిటి అని చర్చించుకుంటారు. దాన్నే నాటకం చేస్తారు. పార్టిజన్ల పోరాటం ఆడారు, దొరల కాలం ఆడారు, పిల్లలు ఊరొదిలిపోవడం ఆడారు. తర్వాత తర్వాత, పర్యాటకులకు అమ్ముడుపోతున్న తమ ఊరి గురించే పర్యాటకుల ముందు ఆడారు.

నేను వెళ్ళింది మేలో కాబట్టి నాటకం చూడలేదు. ఊళ్ళో చిన్న మ్యూజియం ఉంది, అందులో రెండు గంటలు గడిపాను. కాపుల బతుకు మీద మ్యూజియం, కాపుల పిల్లలే కట్టుకున్నది. మనకెక్కడుంది అట్లాంటిది? హైదరాబాద్‌లో నిజాం కత్తులు కప్పుల మ్యూజియం ఉంది. పాలేరు కర్ర, మాదిగ ఆరె, జీతగాడి లెక్కల చీటీ పెట్టిన గది ఒక్కటి ఏ జిల్లా కేంద్రంలోనైనా చూశారా? చూస్తే కామెంట్లో చెప్పండి, రేపే బయల్దేరతాను.

ఆరె అన్నాను కాబట్టి బూట్ల సంగతి. నడక కోసం ఫ్లోరెన్స్‌లో కొన్నాను, తోలు బూట్లు. కొట్టతను తిప్పి చూపించి, కూరగాయ పద్ధతిలో ఊనిన తోలు అన్నాడు. అంటే రసాయనం కాకుండా చెట్ల రసాలతో. ఆర్నో నది ఒడ్డున సాంతా క్రోచే అని ఒక పట్నం ఉంది, తోలుకు ప్రసిద్ధి. చెస్ట్‌నట్ చెక్క రసం, మిమోసా బెరడు వాడతారు. దానికో ముద్ర, ఒక సర్టిఫికెట్. మా తాత ఇంటి వెనక లంద ఉండేది. సున్నంలో నానేసి వెంట్రుక తీసి, తంగేడు చెక్కతో తోలు ఊనేవాడు. అదే శాస్త్రం, చెట్టు ఒక్కటే వేరు. ఇటలీలో ఆ పనికి ముద్ర పడింది, ధర పడింది. మన దగ్గర అదే పనికి మైల అని పేరు పడింది. ఊరందరికీ చెప్పులు కుట్టిన మా తాత ఆసాముల వీధిలోకి పోయేటప్పుడు తన చెప్పులు చంకలో పెట్టుకునేవాడు. మరి ఇటలీ తోలు స్వర్గంలో తయారవుతుందా? సాంతా క్రోచే టానరీల్లో తడి పచ్చి తోళ్ళు మోసే పనిలో సెనెగల్ నుంచి వచ్చిన నల్లవాళ్ళు ఎంతోమంది. కంపు కొట్టే పని ఎక్కడైనా ఎవరో ఒకరి వైపు దొర్లుకుంటూ పోతుంది.

అదే మూడో రకం కామెంటుకు నా జవాబు. కొండ మీది ఊళ్ళలో పోరాటం అయిపోయి మ్యూజియం ఎక్కింది. మైదానంలో ఇంకా నడుస్తోంది. రోమ్‌కు దక్షిణంగా లాటినా జిల్లా. సెర్మోనేతా, నోర్మా లాంటి అందమైన కొండఊళ్ళు, కింద చదునుగా కనుచూపుమేరా ప్లాస్టిక్ షెడ్లు, కూరగాయలు. ఆ షెడ్లలో వంగి పనిచేసేది పంజాబీలు. 2024 జూన్‌లో సత్నామ్ సింగ్ అనే 31 ఏళ్ళ కూలీ చెయ్యి యంత్రంలో పడి తెగింది. యజమాని అంబులెన్స్ పిలవలేదు. అతన్ని ఇంటి ముందు దించేసి, తెగిన చేతిని పళ్ళ డబ్బాలో పెట్టి వదిలేసి పోయాడు. రెండు రోజులకు అతను చనిపోయాడు. కాగితాలు లేవు, కాంట్రాక్టు లేదు. అంతకుముందు 2015 జూలైలో దక్షిణాన పూలియాలో పావొలా క్లెమెంతే అనే 49 ఏళ్ళ ఇటాలియన్ కూలీ తల్లి ద్రాక్షతోటలో పనిచేస్తూ కూలిపోయింది. ఆ తర్వాతే 2016లో 199వ నంబరు చట్టం వచ్చింది, ముఠామేస్త్రీల దోపిడీ మీద. కపొరలాతో అంటారు అక్కడ. కూలీలను పోగేసి, బండెక్కించి, కూలిలో కోసుకునే మన గుంపు మేస్త్రీయే. ఆ ఏడాదే ఏప్రిల్ 18న లాటినాలో పంజాబీ కూలీలు పని ఆపి వీధికొచ్చారు. తలపాగాలతో యూనియన్ జెండాలు పట్టిన ఆ ఫొటోలు వెతికి చూడండి.

ఇటలీలో కులం ఉండదన్న తమ్ముళ్ళకు ఇంకో మాట. అక్కడి పంజాబీల్లో రవిదాసియాలు చాలామంది. పాలడెయిరీల్లో, పొలాల్లో పనిచేస్తారు. వాళ్ళకు గుడులు వేరుగా ఉన్నాయి. ఒకే భాష, ఒకే ఊళ్ళ నుంచి వచ్చిన మనుషులకు గుడి వేరుగా ఎందుకు కావాల్సొచ్చిందో మీకు నేను విడమర్చాలా? మా పిల్ల మొదటిసారి యూనివర్సిటీ హాస్టల్లో దిగిన వారంలోనే ఒక తెలుగబ్బాయి వచ్చి ఆప్యాయంగా ఇంటిపేరడిగాడట. ఇంటిపేరుతో తేలలేదు. ఊరడిగాడు. ఊరితోనూ తేలలేదు. "ఊళ్ళో ఏ వైపు?" అన్నాడట. ఆరువేల కిలోమీటర్లు విమానంలో వచ్చి ఊళ్ళో ఏ వైపు అని. ఆ నేల మీద కులం మొలవలేదు, నిజమే. కానీ మన సూట్‌కేసుల్లో చేరుతోంది. ఊరగాయ జాడీకి ఎయిర్‌పోర్టులో ఆపుతారు, దాన్ని ఆపరు.

పైగా వాళ్ళకు వాళ్ళ కొలమానం ఉండనే ఉంది. ఉత్తరాదివాళ్ళు దక్షిణాదివాళ్ళను తెర్రోని అంటారు, మట్టిగాళ్ళు అన్నట్టు. ముస్సోలినీ కాలంలో కార్లో లేవి అనే యూదు డాక్టర్ను, చిత్రకారుణ్ణి, దక్షిణాన అలియానో అనే కొండఊరికి ప్రవాసశిక్ష వేసి పంపారు, 1935లో. ఆయన 1945లో అచ్చేసిన పుస్తకం పేరుకు, క్రీస్తు ఎబోలి దగ్గరే ఆగిపోయాడు అని అర్థం. అక్కడి రైతుల భాషలో క్రైస్తవుడు అంటే మనిషి అని అర్థమట. తమ ఊళ్ళదాకా క్రీస్తు రాలేదంటే, తమను మనుషుల్లో లెక్కేయలేదని. ఇప్పుడు ఆ ఊరికీ నడక గుంపులు పోతున్నాయి. లేవి సమాధి అక్కడే ఉంది. మా నడక అటు పోలేదు, మళ్ళీ పోతే అదే మొదట చూస్తాను.

అందుకని పోవద్దు అంటున్నానా? పొండి. చదువుకునే పిల్లలు తప్పకుండా పొండి. ఇటలీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ప్రాంతీయ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు మాఫీ, క్యాంటీన్ భోజనం, హాస్టల్లో చోటు లేదా ఖర్చులకు డబ్బు. మా పిల్ల అట్లాగే చదివింది. తొస్కానాలో ఆ సంస్థ పేరు డీఎస్‌యూ, రోమ్ ప్రాంతానికి లాత్సియో డిస్కో. మీ మండలాఫీసు ఆదాయ సర్టిఫికెట్, కుటుంబ ఆస్తుల కాగితాలు అనువాదం చేయించి, ధ్రువీకరణలు చేయించాలి. అడ్మిషన్ చివరి తేదీ వేరు, స్కాలర్‌షిప్ చివరి తేదీ వేరు. మనవాళ్ళు దెబ్బతినేది అక్కడే. ఏజెంట్లకు లక్షలు పోయకండి. డబ్బు లేకపోయినా అర్హత ఉన్నవాళ్ళు పైచదువుల దాకా పోవడం హక్కు అని వాళ్ళ రాజ్యాంగం 34వ అధికరణం చెప్తుంది. దాన్ని వాడుకోవడానికి సిగ్గెందుకు?

చివరి రోజు మోంతెపుల్చానోలో వైన్ రుచి చూపించారు. అక్కడి వైన్ పేరే వీనో నోబిలె, కులీనుల వైన్. నేను రెండు గుక్కలు తాగాను. అందరికీ ఒకే రకం గ్లాసులు. మా పిల్ల వైపు చూస్తే తనూ గ్లాసులనే చూస్తోంది. ఇద్దరం నవ్వాం. గుంపులో ఎవరికీ అర్థం కాలేదు. రెండు గ్లాసుల పద్ధతి గురించి అప్పుడే మొదలుపెడితే వాళ్ళ వైన్ చేదవుతుందని ఊరుకున్నాను. మర్నాడు రైల్లో గైడ్‌కు మాత్రం పొడుగాటి మెసేజ్ రాశాను. ఈ ఏడాది ఊరి నాటకం చర్చల్లో మీ గ్లాసుల సంగతి చెప్తానని జవాబిచ్చాడు.

వచ్చినప్పటి నుంచి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. మన జిల్లాలో మనం ఎందుకు నడవం? దొనకొండ దగ్గర చందవరంలో, గుండ్లకమ్మ పక్కన, కొండ మీద బౌద్ధ స్తూపం ఉంది. మనలో ఎంతమంది చూశారు? జనవరి 26 తర్వాత మూడు రోజులు, గుండ్లకమ్మ ఒడ్డెమ్మట, పల్లె నుంచి పల్లెకు నడిచి చందవరం చేరాలని నాలుగు సంఘాల వాళ్ళం అనుకుంటున్నాం. ప్రతి పల్లెలో ఒక ముసలాయనో ముసలమ్మో గైడ్. ఈ చెరువు ఎవరు తవ్వారు, ఈ చేను ఎవరు కొట్టి సాగులోకి తెచ్చారు, ఇప్పుడు పట్టా ఎవరి పేరున ఉంది, వాళ్ళు చెప్తారు, మనం రాసుకుంటాం. రికార్డు చేసేవాళ్ళు ఇద్దరు కావాలి. నిజమైన వ్యవసాయ కూలీలకు రోజు కూలి ఇచ్చి నడిపిద్దామని ఒక సూచన వచ్చింది, నాకు నచ్చింది, చందాలు పోగవ్వాలి. సెలవు వాళ్ళకే ముందు రావాలి కదా.

ఆడపిల్లలకు రాత్రి బస మన టీచర్ల ఇళ్ళల్లో చూస్తున్నాం. భోజనం పల్లెల్లోనే. వ్యాన్ ఉండదు, ఎవరి మూట వాళ్ళదే. రోజుకు 12 కిలోమీటర్లు మించదు. పేరు, ఊరు, ఫోన్ నంబరు ఇన్‌బాక్స్ చేయండి. ఇంటిపేరు అక్కర్లేదు. కొత్త చెప్పులు, కొత్త బూట్లు మాత్రం వేసుకు రావద్దు, రెండో రోజుకే బొబ్బలెక్కుతాయి. నాకు ఎక్కాయి.